పాత గోడల పనిలో ఉన్న మన పిల్లలకు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

లెక్కల సారు ఇక్కడే ఉన్నారు కాబట్టి అంకెలు చెప్పేటప్పుడు కొంచెం భయంగానే ఉంటుంది.

మన బడిలో చదివిన వాళ్లలో నలుగురైదుగురు ఇప్పుడు వారసత్వ కట్టడాల రంగంలో పని చేస్తున్నారట. ఒకమ్మాయి ఆర్కిటెక్ట్, ఇద్దరు సివిల్ ఇంజనీర్లు, ఒకబ్బాయి శాసనాలు చదువుతున్నాడు. "అన్నా, ఈ లైన్‌లోనే ఉండాల్నా, మారాల్నా?" అని వాళ్లడిగే ప్రశ్నకు జవాబు చెప్పమని సంఘం వాళ్లు నన్ను పిలిచారు.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత గుడి గోడకు మరమ్మతు పని వచ్చింది. పేరెందుకు లెండి. రాళ్ల సందుల్లో పాత సున్నం రాలిపోయి ఉంది. నేను చదివిన చదువంతా సిమెంటు చదువే. సందులన్నీ గీకించి సిమెంటు పెట్టించాను, నున్నగా వచ్చింది. బిల్లు కూడా తొందరగానే పాసైంది. అక్కడ పని చేసిన ముసలి మేస్త్రి ఒక్కడే, "సారూ, గోడకు ఊపిరాడదు" అన్నాడు. చదువుకోని మనిషి మాట అనుకున్నాను. మూడు వానాకాలాలు గడిచాక వెళ్లి చూస్తే సిమెంటు చెక్కుచెదరలేదు, దాని పక్కన రాయి పొరలు పొరలుగా రాలిపోతోంది. గోడలోకి ఎక్కిన తడి, మెత్తని సున్నం ఉంటే అందులోంచి బయటికి పోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. తడి రాయిలోంచే పోవాల్సి వచ్చింది. అది ఆరిన చోట ఉప్పు గడ్డకట్టి రాయి తోలు లేపింది. మళ్లీ ఆ సిమెంటు తీయబోతే రాయి అంచులు కూడా ఊడి వచ్చాయి. ఎన్నో వందల ఏళ్లు నిలిచిన రాయి అది.

అందుకని ఇంజనీర్ తమ్ముళ్లకు నా మొదటి మాట: కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఒక ఆర్నెల్లు సున్నం పని చేతులతో నేర్చుకోండి. సున్నం తడపడం, నానబెట్టడం, గానుగలో ఇసుకతో ఆడించి డంగు సున్నం చేయడం, అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు ఎప్పుడు కలుపుతారో, ఎందుకు కలుపుతారో తెలుసుకోవడం. ఇవన్నీ తెలిసిన మేస్త్రీలకు ఇప్పుడు డెబ్బై దాటాయి. వాళ్ల దగ్గర కూర్చోవడానికి మీకు దొరికే టైము తక్కువ.

నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు కూడా. మన జిల్లాలోనే దోమకొండ కోట ఉంది. ఆ కోట పరిరక్షణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. అదే ఏడు గోల్కొండ మెట్ల బావులకూ వచ్చింది. కామారెడ్డిలో ఉండి దోమకొండ చూడని వాళ్లు ఈ సభలోనే ఎంతమందో! చేతులెత్తమని అడగను. ఎల్లారెడ్డి వైపు పోతే పోచారం ఉంది. నిజాం కాలంలో కట్టి 1922లో పూర్తి చేసిన ప్రాజెక్టు. 2025 ఆగస్టు చివర్లో మన దగ్గర పడ్డ వాన మీకందరికీ గుర్తే. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్కరోజే 40 సెంటీమీటర్లు దాటింది. పోచారానికి లెక్క కట్టిన దానికి ఎంతో మించి వరద వచ్చింది. పక్కన మట్టి కోసుకుపోయింది కానీ నూరేళ్ల రాతి కట్ట నిలిచింది. ఆ రాత్రి కింది ఊళ్ల వాళ్లు నిద్రపోలేదు. వారసత్వం అంటే గుళ్లు, కోటలే అనుకోకండి. పోచారం, నిజాంసాగర్ కూడా వారసత్వమే, పైగా ఇవాళ్టికీ పని చేస్తున్నవి. వీటికి పాత కట్టుబడి, కొత్త లెక్కలు రెండూ తెలిసిన ఇంజనీర్లు కావాలి. అలాంటి వాళ్లు చాలా తక్కువ. మీ బేరమంతా అక్కడే ఉంది.

చదువు సంగతి. విజయవాడ ఎస్పీఏలో కట్టడాల పరిరక్షణ మీద పీజీ ఉంది. ఐఐటీ మద్రాస్‌లో వారసత్వ కట్టడాల భద్రతకు జాతీయ కేంద్రం ఉంది. పని ఇచ్చే చోట్లంటే, 1861 నుంచి ఉన్న కేంద్ర పురావస్తు శాఖ, మన రాష్ట్ర వారసత్వ శాఖ, ఇంటాక్, కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి 2024 దాకా పని చేసిన ఆగాఖాన్ ట్రస్టు. సర్కారు కొలువు ఒక్కదాని కోసమే ఎదురుచూస్తూ ఏళ్లు పోగొట్టుకోకండి. శాసనాల తమ్ముడికి ఒక మాట: తెలుగు, కన్నడ లిపులతో ఆగకు, ఉర్దూ కూడా నేర్చుకో. నిజాం కాలం ఫైళ్లు చదవగలిగితే నిన్ను వెతుక్కుంటూ వస్తారు.

ఇక డబ్బు. ఇది ఎవరూ వేదిక మీద మాట్లాడరు. ఈ రంగంలో మొదటి పదేళ్లు జీతం తక్కువ, కాంట్రాక్టు ఏడాదికో ఆర్నెల్లకో ఉంటుంది. "చరిత్ర సేవ కదా" అని సగం జీతానికి పిలిచేవాళ్లుంటారు. సేవ ఆదివారం చేయండి, సోమవారం నుంచి కూలి అడగండి. నేను పదిహేనేళ్లు మామూలు బిల్డింగుల డిజైన్ చేస్తూనే పాత కట్టడాల పని చేశాను, ఇంట్లో పొయ్యి వెలిగింది దానితోనే. అందులో సిగ్గు లేదు. ఓపిక కూడా కావాలి. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం విప్పి, మళ్లీ కట్టి 2024 మార్చిలో తెరిచేసరికి పదిహేనేళ్లు దాటిపోయాయి. అది మొదలైనప్పుడు పాతికేళ్ల కుర్రాడు పూర్తయ్యేసరికి నడివయసు వాడు. ఈలోగా మనుషులు మారతారు. కాబట్టి రాయి కదిపే ముందు ఫోటో తీయండి, నంబరు వేయండి, ఎందుకు కదిపారో రాయండి. మీ తర్వాత వచ్చే వాడికి మీ ఫోన్ నంబరు పని చేయకపోవచ్చు. ఎస్టిమేటులో తప్పుందని తెలిసీ సంతకం అడిగితే, మీ అభ్యంతరం కాగితం మీద రాసి ఇవ్వండి. నాకు ఒక ఆర్డరు పోయింది దానివల్ల. ఆ రోజు రాత్రి మాత్రం బాగా నిద్రపోయాను.

చివరగా మన ఇంటి సంగతి. మనం ఆరు, ఏడు తరగతులు చదివిన పాత రాతి గదుల వరుస కూల్చి కొత్త బ్లాకు కట్టాలని సంఘంలో అనుకుంటున్నారు. డబ్బులిచ్చే వాళ్ల మంచి మనసు మీద నాకు అనుమానం లేదు. గదులు కురుస్తున్న మాట నిజం, పిల్లల తల మీద పెచ్చు పడితే పాత గోడ అందం ఎవరికీ అక్కర్లేదు. కానీ నిన్న పొద్దున ఒక్కడినే వెళ్లి చూశాను. గోడలు గట్టిగా ఉన్నాయి, ఆ మట్టుకు చెప్పగలను. పాడైంది పైకప్పు, ఎప్పుడో ఎవరో మెత్తిన సిమెంటు. పగుళ్ల మీద గాజు పట్టీలు అతికించి ఒక వానాకాలం చూద్దాం. అవి పగిలితే గోడ కదులుతున్నట్టు, అప్పుడు కూల్చమని నేనే సంతకం పెడతాను. అందాకా పిల్లలను ఆ గదుల్లో కూర్చోబెట్టకండి. వచ్చే ఆదివారం ఏడింటికి కొలతలు తీయడానికి వస్తున్నాను. ఆ నలుగురైదుగురు పిల్లలూ వస్తే టేపు అవతలి కొస పట్టుకోవడానికి మనుషులు దొరుకుతారు. టిఫిన్ నాది.