పదిమందికి పంపండి

మా మేనమామగారు తపాలాశాఖలో చిరకాలము పనిచేసి, సబ్ పోస్టుమాస్టరుగా ఉద్యోగవిరమణ చేసినవారు. ఆయన కొలువులోనుండిన కాలమున ఏడాదికొక మారైనను ఊరిమీద ఒక వింత కార్డుల వాన కురిసెడిది. పైన ఏడుకొండలవాని నామము. క్రింద, ఈ కార్డునకు ఇరువదియొక్క ప్రతులు వ్రాసి ఇరువదియొక్క మందికి పంపినచో తొమ్మిది దినములలో శుభవార్త వినగలరనియు, చించి పారవేసినచో కీడు తప్పదనియు హెచ్చరిక. సంతకముండదు, ఊరిపేరుండదు. మామగారు ఒక్కొక్క కార్డుపై ఠపీమని ముద్ర వేయుచు, "స్వామివారి మాటేమో గాని, పోస్టాఫీసుకి మాత్రం శుభవార్తేరా" అని నవ్వెడివారు.

అట్టి మనిషి, కొన్ని సంవత్సరముల క్రిందట ఒక నవంబరు మాసమున, తన గుమ్మములోనికి వచ్చిన తపాలా ఉద్యోగిని దొంగయని వెనుకకు పంపివేసిరి. దానికి కారకుడను నేనే. ఆ కథకు ముందు గొలుసు ఉత్తరముల పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పవలసియున్నది.

1935వ సంవత్సరమున అమెరికా దేశమందలి డెన్వరు నగరములో ఒక ఉత్తరము బయలుదేరెను. అందులో ఆరు పేర్లు. మొదటి పేరుగలవానికి ఒక డైము, అనగా పది సెంట్లు, పంపవలెను. ఆ పేరు కొట్టివేసి, అడుగున తన పేరు చేర్చి, అయిదు ప్రతులు వ్రాసి అయిదుగురు స్నేహితులకు పంపవలెను. ఎవరును గొలుసు తెంపకున్నచో తన పేరు శిఖరమునకు చేరునాటికి 15,625 డైములు, అనగా 1,562 డాలర్ల 50 సెంట్లు ఇల్లు చేరును. ఆర్థికమాంద్యముచే జనులు అల్లాడుచున్న దినములవి. నగర తపాలా కార్యాలయము ఉత్తరముల రాశులతో నిండిపోయెను. కొన్ని వారములలోనే ఆ వెఱ్ఱి దేశమంతయు ప్రాకెను, అంత త్వరగాను చల్లారెను. లెక్క వేసి చూచినచో కారణము తెలియును. అయిదు, ఇరువదియైదు, నూట ఇరువదియైదు అని అయిదింతలుగా పెరుగుచు పోయి, పండ్రెండవ మెట్టున ఇరువదినాలుగు కోట్లు దాటును. ఆనాటి అమెరికా జనాభాయే పదమూడు కోట్లకు లోపు. పైమెట్టు వారు తీసికొన్నది క్రిందిమెట్టు వారు పోగొట్టుకొన్నదే గాని, మధ్యలో పుట్టిన ధనమేదియు లేదు. మన దేశములో ఇట్టి ద్రవ్యచక్రములను నిషేధించుచు 1978లో చట్టము వచ్చినది. అయినను పేరు మార్చుకొని, నేడు ఫోనులోనికి వచ్చుచునే యున్నవి.

ఆశను ఎరగా చూపు ఉత్తరములను జనులు కొంత అనుమానింప నేర్చిరి. అప్పుడు రెండవ జాతి పుట్టినది. ఇది డబ్బు ఇచ్చెదనని చెప్పదు. "మోసగాండ్రు తిరుగుచున్నారు, జాగ్రత్త, మీవారందరికిని తెలుపుడు" అని చెప్పును. మొదటిదానిని పంపువాడు అత్యాశాపరుడు. దీనిని పంపువాడు పరోపకారి. అందుచేతనే ఇది మరింత దూరము పోవును.

1994 చివరి దినములలో అంతర్జాలమున అట్టిది ఒకటి వచ్చినది. 'గుడ్ టైమ్స్' అను శీర్షికతో వచ్చు ఉత్తరమును తెరువవలదు, తెరచిన మాత్రమున కంప్యూటరులోని సమస్తము తుడిచిపెట్టుకొని పోవును, అని దాని సారాంశము. దీనిని గడచిన బుధవారమున అమెరికా ప్రభుత్వపు కమ్యూనికేషన్ల సంఘము ప్రకటించినదని అందులో వ్రాసియుండెను. ఏ బుధవారము? చదువువాడు ఎప్పుడు చదివినను అది గడచిన బుధవారమే! నిజమునకు ఆ సంఘము అట్టి ప్రకటన చేయలేదు. కేవలము అక్షరములతో కూడిన ఉత్తరమును చదివినంతనే యంత్రము పాడగుట ఆనాడు జరుగు పనియు కాదు. అది బూటకమని డిసెంబరు మాసముననే నిపుణులు తెలిపిరి. అయినను సంవత్సరముల తరబడి ఆ హెచ్చరిక తిరుగుచునే యుండెను.

2002లో వచ్చిన ఎలుగుబంటి కథ ఇంతకంటె విచిత్రము. మీ కంప్యూటరులో చిన్న ఎలుగుబంటి బొమ్మతో ఒక దస్త్రమున్నది, అది పదునాలుగు దినములు నిద్రించి పిమ్మట విషము గ్రక్కును, క్రిమినాశక సాధనములు దానిని పట్టజాలవు, వెంటనే తొలగించి మీ మిత్రులకు తెలుపుడు, అని సందేశము. వెదకిచూడగా నిజముగనే ఎలుగుబంటి కనబడినది! ఇంకేమి కావలెను? జనులు తొలగించిరి, పదిమందికి తెలిపిరి. అది విండోస్ వ్యవస్థతోబాటు మైక్రోసాఫ్టువారే పెట్టిన దస్త్రము. జావా భాషలో పనిచేయువారికి ఉపయోగించునది. బొమ్మ యున్నమాట సత్యము, విషమన్నమాట అసత్యము. ఈ రెంటి నడుమ అతుకు ఎక్కడనున్నదో కనిపెట్టుటయే పరిశీలన యనుకొందును.

ఇక నా కథ. పింఛనుదారులు ఏటేట తాము సజీవులమని ధ్రువపత్రము దాఖలు చేయవలెను గదా. దీనిని వేలిముద్రతో కంప్యూటరు ద్వారా ఇచ్చు 'జీవన్ ప్రమాణ్' పద్ధతి 2014లో వచ్చినది. 2020 నుండి పోస్టుమ్యాను ఇంటికే వచ్చి ఆ పని చేయు సదుపాయము కలిగినది. ఆ సంవత్సరము మామగారికి మోకాలికి శస్త్రచికిత్స జరుగుటచే, ఆయన కుమార్తె ఈ సదుపాయమునకై కోరియుండెను. సరిగ్గా ఆ దినములలోనే నాకొక సందేశము వచ్చినది. పింఛను కార్యాలయము పేర ఫోను చేసి, ఓటీపీ అడిగి, వృద్ధుల సొమ్ము కాజేయు ముఠా యున్నదని అందులో వ్రాసియున్నది. ఇంతవరకు సత్యమే. అట్టి మోసములు జరిగినవి, జరుగుచునేయున్నవి. తరువాతి వాక్యము: "జీవన ప్రమాణము పేర ఇంటికి వచ్చి వేలిముద్ర అడుగువారందరు ఈ ముఠాలోనివారే, తలుపు తీయవద్దు." చివర, "కనీసం పదిమందికి పంపండి, ఒక పెద్దాయనను కాపాడండి."

వార్తల నడుమ లభించిన రెండు నిమిషముల విరామములో దానిని చదివి, మా బంధువుల వాట్సాప్ గ్రూపునకు పంపితిని. కాపాడితినని సంతోషించితిని కూడ.

తపాలా కుఱ్ఱవాడు రెండు మారులు వచ్చెను. మామగారు కిటికీ ఊచలలోనుండి చూచి రెండు మారులు పొమ్మనిరి. మాస మంతమైనది. తరువాతి పింఛను రాలేదు. ఎందుకు రాలేదో తెలియుటకు సంక్రాంతి వచ్చినది. కుమార్తెకు చెప్పిన బాధపడునని, ఆ మధ్యకాలమున మందులకు ప్రక్కింటివారివద్ద చేబదులు పుచ్చుకొనిరట. నాకు తెలిసినంతవరకు ఆయన జీవితములో అది మొదటి అప్పు. ధ్రువపత్రము ఇచ్చిన పిమ్మట బకాయితో సహా సొమ్ము వచ్చినది గాని, నేను క్షమాపణ చెప్పుకొనబోగా ఆయన అన్న మాట మాత్రము నన్ను విడువలేదు: "ఒరే, నువ్వు రేడియోలో పనిచేస్తావు. నువ్వు పంపితే అబద్ధమనుకుంటానా?"

ఆ రాత్రి ఆ సందేశమును ముందుంచుకొని కూర్చుంటిని. పోలీసు ఉన్నతాధికారి విజ్ఞప్తి యని యున్నది, అధికారి పేరు లేదు. "నిన్న" అని యున్నది, తేదీ లేదు. మా వార్తావిభాగమునకు ఊరును తేదీయు లేని కాగితము వచ్చినచో చదువుట యటుంచి బల్లమీద నైనను ఉంచము. అదే నా చేతిలోని ఫోనునకు వచ్చునప్పటికి ఆ నియమమేమైనదో! అందలి ఒక వాక్యమును యథాతథముగా వెదకగా, అదియే సందేశము మునుపటి సంవత్సరము వేరొక నగరము పేర తిరిగినట్లు కనబడినది. దానిపై జంట బాణముల గుర్తు కూడ యుండెను. అనేక మారులు చేతులు మారిన సందేశమునకు వాట్సాపువారు ఆ గుర్తు వేయుదురు. 2018లో మన దేశమున ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపరాదని హద్దు పెట్టి, 2020లో ఇట్టి జంట బాణముల సందేశమును ఒకేసారి ఒక్క చోటికే పంపవచ్చునని కుదించిరి. కాని హద్దు వేగమును తగ్గించును గాని, నిజమును నిర్ణయింపదు.

నేను చేయవలసియుండిన పని మిక్కిలి చిన్నది. సందేశము ఎవరిని దొంగలనుచున్నదో వారినే అడుగుట. మా వీధి చివరనే తపాలా కార్యాలయమున్నది. కేంద్రప్రభుత్వమునకు సంబంధించిన మాటయైనచో పత్రికా సమాచార కార్యాలయమువారి నిజనిర్ధారణ విభాగము 2019 నుండి పనిచేయుచున్నది. బ్యాంకు మాటయైనచో పాసుపుస్తకముపై అచ్చైన నంబరు ఉన్నది. ఒక్క జాగ్రత్త: హెచ్చరికలోనే ఇచ్చిన నంబరునకు ఫోను చేసి, హెచ్చరిక నిజమా యని అడుగరాదు. దొంగయే దొంగతనమునకు సాక్ష్యము చెప్పును. సొమ్ము పోయినవారు మాత్రము ఈ విచారణలతో కాలము గడపక, తక్షణమే 1930 నంబరునకు తెలుపవలెను.

కొందరు మిత్రులు, "అబద్ధమైనను జాగ్రత్త మంచిదే గదా, పోయినదేమి?" అందురు. నేనును అట్లే అనుకొనెడివాడను. 2018 వేసవిలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు వచ్చినవని తెలుగు జిల్లాలలో హెచ్చరికలు తిరిగినవి. వానితో తిరిగిన ఒక చలనచిత్రపు తునక కరాచీ నగరములో పిల్లల రక్షణకై తీసిన ప్రచారచిత్రములోనిది. బిడ్డను తిరిగి అప్పగించి, జాగ్రత్త యని ఫలకము చూపు చివరిభాగమును ఎవరో కత్తిరించిరి. ఆ సంవత్సరము దేశములో పలుచోట్ల నిరపరాధులను జనులు కొట్టి చంపిరి. జులై 1వ తేదీన మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఒక్కచోటనే అయిదుగురు మరణించిరి. కొట్టినవారును పిల్లల మేలు కోరినవారమే యనుకొనియుందురు. ఆ దినములలో జోగుళాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణిగానుండిన రెమా రాజేశ్వరిగారు గ్రామ గ్రామమునకు ఒక కానిస్టేబులును నియమించి, పాటలతోను డప్పులతోను ఆ వదంతులు బూటకములని చాటించిరి. ఆ జిల్లాలో ప్రాణనష్టము జరుగలేదు. వదంతి నడచిన దారినే నిజమును నడిపించుటకు ఎంత శ్రమ పడవలసివచ్చెనో చూడుడు.

నా సంగతియు అంతే. సందేశము తప్పని తెలిసిన మరునాడు గ్రూపులో సవరణ వ్రాసితిని. మొదటి దానిని మావాండ్రు ఎందరెందరికో పంపియుండిరి. సవరణను పంపినవారు ఇద్దరు. అందులో ఒకరు మా మామగారు.

ఆయన ఇప్పుడు ఏ హెచ్చరిక వచ్చినను నాకు ఫోను చేసి, "దీనికి ముద్ర ఉందిరా?" అని అడుగుదురు. ముద్ర యనగా ఆయన లెక్కలో ఊరు, తేదీ. లేదనినచో, "అయితే డెడ్ లెటర్ ఆఫీసుకే" అని తుడిచివేయుదురు. మొన్నటి నవంబరులో ఆ కుఱ్ఱవాడే మరల వచ్చెను. మామగారు గుర్తింపుకార్డు అడిగి, కళ్ళజోడు పెట్టుకొని చదివి, పోస్టాఫీసుకు ఫోను చేసి పేరు కనుగొని, అటుపిమ్మట వ్రేలు చాచిరి. కుఱ్ఱవాడు కాఫీ త్రాగి, పాత పోస్టాఫీసు కబుర్లు ఒక గంటసేపు విని మరీ వెళ్ళెనట.