గిట్టుబాటు మన మాటే, ధర మాత్రం వాళ్లది

(చోడవరంలో చెరకు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధర ఎంత పెంచాలన్నది నా తరవాత మాట్లాడేవాళ్లు చెప్తారు. నేను మాటల గురించి చెప్తాను. నవ్వకండి, మన చెరకు డబ్బుల్లో కొంత ఆ మాటల దగ్గరే పోతోంది.

ఊరేగింపులో మనం ఏమని అరుస్తాం? ‘గిట్టుబాటు ధర కావాలి’ అని. 2009 దాకా కేంద్రం చెరకుకి ప్రకటించిన ధర పేరు చట్టబద్ధ కనీస ధర. కనీస ధర అంటే అంతకు తగ్గకూడదు, పైన ఇంకా రావచ్చు అని అర్థం. చెరకు నియంత్రణ ఉత్తర్వులో 5ఎ అని ఒక క్లాజు ఉండేది. ఫ్యాక్టరీకి మిగిలిన లాభంలో రైతుకి వాటా ఇవ్వాలని దాని సారాంశం. ఎంతమంది చేతికి వచ్చిందన్నది వేరే సంగతి, హక్కంటూ కాగితం మీద ఉంది. 2009 అక్టోబరులో ఉత్తర్వు సవరించి ఆ వాటా తీసేశారు. ధర పేరు కూడా మార్చి ‘న్యాయమైన, గిట్టుబాటు ధర’ అన్నారు. ఎఫ్‌ఆర్‌పీ అంటే అదే. ఆ నవంబరులో ఉత్తరప్రదేశ్ చెరకు రైతులు ఢిల్లీ వీధులు నింపేస్తే, రాష్ట్రాలు ప్రకటించే ధర మీద పెట్టిన మెలికని వెనక్కి తీసుకున్నారు. పేరు మాత్రం ఉండిపోయింది.

ఇప్పుడు మనం గిట్టుబాటు ధర అని అరిస్తే, ‘ఇస్తున్నది అదే కదయ్యా, పేరులోనే ఉంది’ అని ఆఫీసరు అంటే ఏం చెప్తాం? మన నినాదం పట్టుకెళ్లి వాళ్ల ధరకి తగిలించుకున్నారు.

ఇంకో మాట, ఖర్చు. 2025-26 సీజనుకి క్వింటా 355 రూపాయలు ప్రకటించి, ఇది ఖర్చు కంటే 105 శాతం ఎక్కువన్నారు. పట్నంలో పేపరు చదివినవాడు చెరకు రైతు మేడ కడుతున్నాడనుకుంటాడు. వాళ్ల లెక్కలో ఖర్చు క్వింటాకి 173. టన్నుకి 1,730. విత్తనం, ఎరువు, జడచుట్టు, నరికే కూలీ, అన్నీ అందులోనే తేలాలి. దీన్ని ఏ2+ఎఫ్‌ఎల్ అంటారు. చేతినుంచి పెట్టిన డబ్బూ, ఇంట్లోవాళ్ల రెక్కల కష్టమూ అందులో ఉన్నాయి. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ లేవు. అవి కలిపితే సీ2. స్వామినాథన్ గారి కమిషన్ ఖర్చు మీద 50 శాతం కలపమంది. ఏ ఖర్చు మీద అన్నదే తగాదా. కాబట్టి అర్జీలో ‘గిట్టుబాటు’ అని రాసి ఊరుకోకండి. ‘సీ2 మీద 50 శాతం’ అని రాయండి.

రికవరీ సంగతి చూడండి. బ్యాంకువాడు ఆ మాటంటే మనకి గుండె దడ. ఫ్యాక్టరీలో దాని అర్థం వంద కిలోల చెరకుకి ఎన్ని కిలోల పంచదార వచ్చిందని. 355 అన్నది 10.25 శాతం రికవరీకి. పాయింట్ ఒకటి తగ్గిన కొద్దీ 3 రూపాయల 46 పైసలు కోత. 9.5కీ, ఆ కిందకీ 329 రూపాయల 5 పైసలు, అక్కడితో కోత ఆగుతుంది. అంటే టన్నుకి 259 రూపాయలు పైనే తేడా. రికవరీ తగ్గిందంటే చెరకు బాగోలేదని అందరూ మనకేసి చూస్తారు. మిల్లు పాతదైనా, బండి యార్డులో ఎండినా రికవరీ తగ్గుతుంది. ఆ నష్టానికి కూడా మన పేరే. (బెల్లం వండుకునేవాళ్లకి ఈ ధర అసలు వర్తించదు, వాళ్ల గోడు వేరే రోజు మాట్లాడుకోవాలి.)

అన్నిటికంటే నాకు ఒళ్లు మండే మాట బకాయి. మనం బ్యాంకుకి కట్టకపోతే ఎగవేతదారులం. చెరకు పట్టుకెళ్లి డబ్బివ్వకపోతే అది బకాయి. ఎప్పుడో ఇస్తే ‘నిధుల విడుదల’, పైగా దండలు, ఫొటోలు. అదేమన్నా సాయమా? చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం తోలిన 14 రోజుల్లో డబ్బివ్వాలి. దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ. రెండు లక్షలు ఆర్నెల్లు ఆలస్యమైతే 15,000 రూపాయలు. రాతపూర్వకంగా వేరే ఒప్పందం ఉంటే మాత్రం ఈ గడువు చెల్లదు. అందుకే చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఈసారి అర్జీల్లో ‘బకాయిలు విడుదల చేయవలసిందిగా ప్రార్థన’ అని రాయొద్దు. ‘మాకు రావలసిన బాకీ, 15వ రోజు నుంచి వడ్డీతో’ అని రాద్దాం. తూకం చీటీలు పారేయకుండా సంఘం ఆఫీసుకి తీసుకురండి. తోలిన తేదీ, టన్నులు, వడ్డీ లెక్క వేసి ఒక్కొక్కరికి విడిగా అర్జీ తయారుచేస్తాం.