పడవ లేనోళ్ల నష్టం ఎవరు రాస్తారు?

(తీరగ్రామాల కూలీల సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



సముద్రంలో చమురు పడితే చేపలు చస్తాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. చమురు పడ్డాక నష్టపోయినోళ్ల జాబితా ఎట్లా తయారవుతుందో, దాంట్లో ఎవరి పేరు ఎక్కదో మాట్లాడదామని వచ్చాను.

మద్రాసుకి ఉత్తరాన ఆనుకుని ఎన్నూరు ఉంది. ఏడేళ్లలో రెండుసార్లు అక్కడ చమురు పడింది. 2017 జనవరి 28 తెల్లారుజామున కామరాజర్ రేవు బయట రెండు ఓడలు గుద్దుకున్నాయి. పర్యావరణానికి ఏ నష్టమూ లేదని రేవు వాళ్లు కాగితం విడుదల చేశారు. ఆ తర్వాత చూస్తే ఒడ్డంతా నల్లటి ముద్ద! యంత్రాలు తెచ్చారు గానీ చిక్కటి చమురుకి గొట్టాలు పూడుకుపోయాయి. చివరికి బకెట్లతో, చేతులతో ఎత్తిపోశారు. దేశంలో కంపు ఎక్కడ పుట్టినా ఆఖరికి ఎవరి చేతికొస్తుందో మన వాడలకి తెలియంది కాదు.

రెండోది 2023 డిసెంబరులో. మన బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను అప్పుడే. మణలి చమురుశుద్ధి కర్మాగారం నుంచి వరదనీళ్లతో చమురు బకింగ్‌హాం కాలవలో పడి ఎన్నూరు పాయలోకి వచ్చింది. మా పైపులేవీ పగల్లేదని కంపెనీ అంది. చమురు ఆ ఆవరణ నుంచే వచ్చిందని కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది. అసలు పైపు పగలాల్సిన పనేముందండీ? నేలమీద కారిన చమురూ వాననీళ్లూ ఒకే కాలవలో కలిసే ఏర్పాటుంటే చాలు, పెద్ద వాన వచ్చిన రోజు అదే బయటపడుతుంది. ఆ రెండు నీళ్లనీ వేరుచేసి, చుట్టూ గట్టు కట్టడం పెద్ద విద్యేం కాదు. ఖర్చు అంతే.

మడచెట్టు బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లతో గాలి పీలుస్తుంది. వాటికి చమురు పట్టిందంటే చెట్టు ముక్కు మూసినట్టే. మడ పోతే రొయ్యపిల్ల, పీతపిల్ల పెరిగే చోటు పోతుంది. చావగా మిగిలిన చేపకి చమురు వాసన. మంచినీళ్లలో పట్టిందని ఒట్టేసినా బజార్లో కొనరు.

తమిళనాడు ప్రభుత్వం అప్పుడు 2,301 మత్స్యకార కుటుంబాలకి 12,500 చొప్పున, ఇంకో 6,700 కుటుంబాలకి 7,500 చొప్పున, 787 పడవలకి పదేసి వేలు ప్రకటించింది. ఇచ్చింది కాదనం. అయితే ఆ పాయలో ఇరులలున్నారు, మన నెల్లూరు వైపు యానాదుల్లాంటి వాళ్లు. పడవ లేదు. నీళ్లలో దిగి, తాటాకు బుట్ట పళ్లతో కరిచిపట్టుకుని, బురదలో చేతులతో తడిమి రొయ్యలేరతారు. పడవ మరమ్మతుకి పదివేలని లెక్క కట్టారు. ఆ చేతులకి ఏ లెక్క? పాయ కోలుకునేదాకా వాళ్ల కూలి పోయినట్టే కదా!

మన సంగతికొద్దాం. 2024 జనవరిలో కాకినాడ తీరానికి ఆవల లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ ముడిచమురు తీయడం మొదలుపెట్టింది. ఇటు కోరంగి మడలు. తియ్యొద్దని నేననడం లేదు, అది వేరే వాదన. చమురును ఆపే తేలే కంచెలు రేవులో ఎన్ని మీటర్లున్నాయి, గంటలో మొగకి అడ్డం వెయ్యగలరా అని అడుగుతున్నాను. కోస్టుగార్డు పూచీమీద 1996 నుంచి జాతీయ ప్రణాళిక ఉంది. దాంట్లో మన పల్లెకి కబురు చెప్పేదెవరు? ఎత్తిపోసేవాళ్లకి తొడుగులు, బూట్లు, కూలి ఇచ్చేదెవరు? కేంద్ర సంస్థలకి సమాచార హక్కు దరఖాస్తు రుసుము పది రూపాయలే. రాసిపెట్టడానికి నేనున్నాను.

చమురు పడ్డాక జాబితా రాస్తే పడవలోడి పేరే ముందుంటుంది. కాబట్టి ఇప్పుడే రాద్దాం. గుల్లలేరే అక్కలు, పీతలు పట్టేవాళ్లు, తట్ట మోసేవాళ్లు, చెరువుల మీద కూలికెళ్లేవాళ్లు, వలలు బాగుచేసేవాళ్లు, ఎవరికి రోజుకెంత వస్తుందో సహా. వచ్చే గ్రామసభలో తీర్మానం చేయించి కలెక్టరుకి ఒక ప్రతి పంపాలి. చదువుకున్న పిల్లలు ఆదివారం పొద్దున్నే నోటుపుస్తకాలు తెచ్చుకోండి. మాలవాడ, మాదిగవాడ ముందు, తర్వాత మొగ దగ్గరి గుడిసెలు.