రంగుల డబ్బా ఒక్కటే చాలదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నాన్నగారి పేరిట మా కుటుంబం పెట్టిన ట్రస్టు తరఫున మొదటి ఏడాది మన బడిలో బొమ్మల పోటీ పెట్టాం. రంగుల డబ్బాలు పంచాం, ఫొటోలు దిగాం. మరుసటి ఏడు వచ్చి, బహుమతి అందుకున్న ఎనిమిదో తరగతి అబ్బాయిని "కొత్తగా ఏం వేశావురా?" అని అడిగాను. "రంగులు నెలకే అయిపోయాయండి. నేర్పేవాళ్లు కూడా ఎవరూ లేరండి" అన్నాడు. నేను ఇంజనీరునే! మోటారు బిగించి కరెంటు లైను మరిచిపోయినట్టయింది నా పని.

మన ఊళ్లో ఈ పని సరిగ్గా చేసినవారు ఎప్పుడో ఉన్నారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, దామెర్ల రామారావు చేతిలోని విద్యను కనిపెట్టి, 1916లో తన ఖర్చుతో బొంబాయి జేజే స్కూల్లో చేర్పించారు. రామారావు తిరిగొచ్చి ఇక్కడి కుర్రాళ్లకు నేర్పారు. 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆ చిత్రాలు ఆయన పేరున్న గ్యాలరీలో నేటికీ ఉన్నాయి. చూడనివారు మనలోనే చాలామంది. నేనూ యాభై దాటాకే చూశాను.

ఇప్పుడు మా ట్రస్టు డ్రాయింగు మాస్టారి జీతం, పిల్లల బస్సు చార్జీలు ఇస్తోంది. ఆ అబ్బాయిని పదో తరగతితో మాన్పించేస్తామంటే మాస్టారే ఇంటికెళ్లి మాట్లాడారు. ఆదివారం గంటసేపు ఈ పిల్లల దగ్గర కూర్చునే పెద్దవాళ్లం మాత్రం ముగ్గురమే. చందా అడగను. ఊళ్లో ఉంటున్నవారు భోజనాలకు లేచేముందు గుమ్మం దగ్గరున్న పుస్తకంలో పేరు రాయండి.