మీదా, మీ అమ్మాయిదా?

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



అర్జీలలో మనవాళ్లు రాసే ఇంగ్లీషు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. వ్యాకరణమంతా చెప్పబోను. 'నా', 'నాది' వరకే.

'నా పుస్తకం' అంటే 'మై బుక్'. 'ఆ పుస్తకం నాది' అంటే 'ద బుక్ ఈజ్ మైన్'. వస్తువు పేరు వెంటనే వస్తే 'మై', 'యువర్', 'హర్'. రాకపోతే 'మైన్', 'యువర్స్', 'హర్స్'. 'హిజ్' రెండు చోట్లా ఒక్కటే. అర్జీ చివర 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ'లో ఎస్ ముందు పైన చుక్కకొమ్ము పెట్టేవారు ఇంకా ఉన్నారు. అది తప్పు.

'మా ఆవిడ' అనడం మన మర్యాద. 'అవర్ వైఫ్' అని రాస్తే మాత్రం ఫ్యామిలీ పెన్షన్ కాగితం చూసే గుమాస్తా కంగారుపడతాడు! 'మై వైఫ్' అనే రాయండి.

అసలు చిక్కు వేరే ఉంది. 'సీతమ్మ తన పుట్టినతేదీ తప్పు పడిందని కూతురికి చెప్పింది' అంటే తేదీ సీతమ్మదేనని మనకు తెలుస్తుంది. ఇంగ్లీషులో ఈ 'తన' లేదు. 'హర్ డేట్ ఆఫ్ బర్త్' అంటే తల్లిదా, కూతురిదా? కేంద్ర ప్రభుత్వ ఫ్యామిలీ పెన్షన్‌లో 80 ఏళ్లు నిండితే 20 శాతం అదనం వస్తుంది. కూతురి తేదీ ఎక్కిందా, అది ఆగినట్లే. కనుక అర్జీలో ఇద్దరు ఆడవాళ్లున్నప్పుడు 'హర్' వద్దు, ఇద్దరు మగవాళ్లుంటే 'హిజ్' వద్దు. పేరే మళ్లీ రాయండి. మూడుసార్లు వచ్చినా ఫరవాలేదు, పక్కన పీపీఓ నంబరు కూడా వేయండి.