మెరిదాలో విన్న మాట



మెక్సికో ప్రయాణం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అమెరికాలో ఉద్యోగం చేసే మా తమ్ముడు టికెట్లు తీశాడు కాబట్టి వెళ్లగలిగాం. వార్డెన్ జీతంతో అయ్యే పని కాదది.

మేము దిగింది యుకతాన్ ప్రాంతంలోని మెరిదాలో. 1542లో స్పెయిన్ వాళ్లు స్థాపించిన నగరమని చెబుతారు. అయితే అప్పటికే అక్కడ తిహో అనే మాయా పట్టణం ఉంది. దాని గుళ్లు పడగొట్టి, ఆ రాళ్లతోనే చర్చీలు, దొరల ఇళ్లు కట్టారు. 1598లో పూర్తయిన పెద్ద చర్చి గోడను చేత్తో తడిమి చూశాం. అదే మైదానానికి దక్షిణాన మొంతెహో దొరల ఇల్లుంది. గుమ్మం పైన చెక్కిన సైనికుల కాళ్ల కింద మనుషుల తలలున్నాయి. అందరూ ఫోటోలు దిగుతున్నారు. మాకు ఫోన్ తీయబుద్ధి కాలేదు.

మర్నాడు 80 కిలోమీటర్ల దూరంలోని ఉష్మల్ శిథిలాలకు వెళ్లాం. అక్కడ నేలపైన నదులు లేవు. వాన నీటిని భూమిలో తొలిచిన తొట్లలో నిలవ చేసుకుని అంత పట్టణాన్ని నడిపారు. గోడల నిండా వాన దేవుడు చాక్ ముఖాలే.

వాళ్లకు రాత కూడా ఉండేది. 1562లో మనీ అనే ఊళ్లో దియెగో దె లాండా అనే పాద్రీ మాయా పుస్తకాలను మంటల్లో వేయించాడు. ఈనాడు తెలిసినవి నాలుగే మిగిలాయి. విచిత్రం ఏమిటంటే, అదే లాండా రాసుకున్న అక్షరాల పట్టిక 1952లో యూరి క్నోరోజోవ్ అనే సోవియట్ పండితుడికి ఆ లిపి చదవడానికి దారి చూపింది.

మాయా వాళ్లు అంతరించారని పాఠంలో చెప్పిన టీచర్లలో మేమూ ఉన్నాం. మెరిదా బజారులో ఆ మాట తప్పని తెలిసింది. పూలు కుట్టిన తెల్ల గౌను వేసుకున్న పెద్దమ్మ పక్క కొట్టామెను 'బిష్ అ బేల్' అని పలకరించింది. 'నీ దారి ఎలా ఉంది' అని దాని అర్థమట. బాగున్నావా అని అడగడమన్నమాట. మెక్సికోలో ఆ భాష మాట్లాడేవాళ్లు నేటికీ 7 లక్షలకు పైనే.

ఇక మా సంగతి చెప్పాలి. మన నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపి రాతప్రతులు దొరికాయి, వాటిని ఎవరూ తగలబెట్టలేదు. కానీ హాస్టల్‌లో పిల్లవాడు 'ఏర్' అని అడిగితే 'నీళ్లు అనరా' అని గదమాయించింది మేమే. స్టడీ అవర్లో గోండి మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించిందీ మేమే. తెలుగు రాకపోతే పరీక్షల్లో వెనకబడతారని భయం. ఆ భయం ఇప్పటికీ పోలేదు, అబద్ధం ఎందుకు. బోర్డు మీద పేర్లు మాత్రం చెరిపేశాం.

తిరిగొచ్చాక ఈ కథంతా పిల్లలకు చెప్పాం. మూడో తరగతి వాడొకడు, 'మేడం, వాళ్లు ఏర్‌ను ఏమంటారు?' అన్నాడు. 'హా' అని చెప్పాం. ఆ రాత్రి భోజనాల దగ్గర వరసంతా 'హా, హా' అంటూ గ్లాసులు చాపారు.