గొంతు నొప్పి వచ్చిందని బిడ్డకి పాలు ఆపొద్దు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ మాట్లాడిన మాటలు)



పొదుపుల గురించి, బ్యాంకు లింకేజీ గురించి నా ముందు అక్కలు చక్కగా చెప్పారు. నేను ఆరోగ్యం గురించి రెండు మాటలు చెప్తాను. నేను పదో తరగతి దాకా చదివినదాన్ని, డాక్టరమ్మని కాదు. నాకు జరిగింది, ఆ తర్వాత ఏఎన్‌ఎం గారి దగ్గర, డాక్టరు గారి దగ్గర అడిగి తెలుసుకున్నది మాత్రమే చెప్తాను.

నా రెండో బిడ్డకి అప్పుడు రెండు నెలలు. నాకు గొంతు వాచి, జ్వరం వచ్చింది. ఉమ్మి మింగాలన్నా ప్రాణం పోయేది. మా అత్తమ్మ భయపడిపోయింది. "జ్వరం పాలు బిడ్డకి పడవమ్మా, తగ్గేదాకా ఇవ్వకు" అంది. ఆమెది చెడ్డ మనసు కాదు. ఆమెకి ఆమె అత్త చెప్పిన మాటే నాకు చెప్పింది. నేనూ సరే అన్నాను. సంఘంలో అప్పు తీసుకుని డబ్బా పాలు, సీసా కొన్నాం.

మూడు రోజులు ఆపాను. నా రొమ్ములు రాయిలా గట్టిపడి, జ్వరం ఇంకా ఎక్కువైంది. సీసా పాలు మొదలుపెట్టాక బిడ్డకి విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు గుంటలు పడ్డాయి. ఏఎన్‌ఎం గారు చూసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. అక్కడ డాక్టరు గారు అడిగిన మొదటి మాట, "తల్లి పాలు ఎందుకు ఆపారు?" అని. నా దగ్గర జవాబు లేదు.

ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. గొంతు నొప్పి క్రిములు పాలలో నుంచి బిడ్డకి పోవు. మన దగ్గు తుంపర్ల నుంచి, తుమ్ముల నుంచి, కడుక్కోని చేతుల నుంచి పోతాయి. పైగా మనకి నొప్పి తెలిసే లోపే ఆ క్రిములు బిడ్డ దాకా చేరి ఉండొచ్చు. అదే సమయంలో మన ఒళ్లు ఆ జబ్బుతో పోరాడటానికి యాంటీబాడీలు తయారు చేస్తుంది. అవి పాలలో బిడ్డకి అందుతాయి. అంటే మనం పాలు ఆపితే జబ్బుని ఆపినట్టు కాదు, మందుని ఆపినట్టు.

బిడ్డ బతికి బట్టకట్టింది. మళ్లీ మళ్లీ రొమ్ముకి పట్టిస్తే వారం రోజులకి పాలు మామూలుగా వచ్చాయి. కానీ ఆ అప్పు తీర్చినన్నాళ్లూ నాకు ఆ మూడు రోజులే గుర్తుకొచ్చేవి.

అందుకని చెప్తున్నాను. గొంతు నొప్పి వస్తే ఏం చేయాలి? బిడ్డని ఎత్తుకునే ముందు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. పాలిచ్చేటప్పుడు మాస్కు పెట్టుకోండి, లేదా శుభ్రమైన గుడ్డ ముక్కుకి నోటికి కట్టుకోండి. తగ్గేదాకా బిడ్డకి ముద్దులు పెట్టొద్దు. గోరువెచ్చని ఉప్పు నీళ్లతో పుక్కిలించండి. నీళ్లు, గంజి, చారన్నం, ఏది మింగుడు పడితే అది తీసుకోండి. లేవలేనంత నీరసంగా ఉంటే పాలు శుభ్రమైన గిన్నెలోకి పిండండి. ఇంట్లో వాళ్లు ఉగ్గు గిన్నెతోనో చెంచాతోనో పట్టొచ్చు. సీసా మాత్రం వద్దు. పిండిన పాలు నాలుగు గంటల లోపే వాడేయండి.

ఇక మందుల సంగతి. చాలా గొంతు నొప్పులకి యాంటీబయాటిక్ అవసరమే ఉండదు, సుమారు వారం రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. అవసరమా కాదా అన్నది డాక్టరు చూసి చెప్పాలి. "నేను పాలిచ్చే తల్లిని" అని ముందే చెప్పండి. పారాసిటమాల్, అమోక్సిసిలిన్ లాంటివి పాలిచ్చే తల్లులకి కూడా డాక్టర్లు రాస్తారు. రాస్తే కోర్సు పూర్తిగా వాడండి, నొప్పి తగ్గిందని మధ్యలో మానొద్దు. మెడికల్ షాపులో అడిగి దగ్గు సిరప్పులు తాగొద్దు, కొన్నిట్లో బిడ్డకి ప్రమాదమైన మత్తు మందు ఉంటుంది.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి కూడా గుర్తుపెట్టుకోండి. తల్లికి ఉమ్మి కూడా మింగుడు పడకపోయినా, నోరు తెరవలేకపోయినా, ఊపిరి కష్టమైనా వెళ్లాలి. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం వచ్చినా, ఏ బిడ్డ అయినా పాలు తాగకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా 108కి ఫోన్ చేయండి.

ఈ ఏడాది మా సంఘంలో ఒక చెల్లెలికి ఇదే గొంతు నొప్పి వచ్చింది. పొదుపు మీటింగుకి రాలేదంటే ముగ్గురం వాళ్లింటికి వెళ్లాం. వాళ్ల అత్తగారు పాలు ఆపిద్దామనే అనుకుంటోంది. నేను నా కథ చెప్పాను. ఒకామె అన్నం వండింది, ఒకామె బట్టలు ఉతికింది, ఆశా అక్క ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ బిడ్డ ఒక్క పూట కూడా తల్లి పాలకి దూరం కాలేదు. సంఘానికి ఒక్క రూపాయి అప్పు కూడా పడలేదు.

అత్తమ్మలకి ఒక్క మాట. కోడలికి ఒంట్లో బాగోలేకపోతే బిడ్డని ఆమె దగ్గర నుంచి తీసుకోకండి, ఆమె చేతిలో పనిని తీసుకోండి. ఆరు నెలల దాకా తల్లి పాలే బిడ్డకి అన్నం, నీళ్లు కూడా.

ప్రతి గ్రామ సంఘం మీటింగులో "మీ సంఘంలో పాలిచ్చే తల్లులు ఎలా ఉన్నారు?" అని ఒక్క ప్రశ్న అడగాలని కోరుకుంటున్నాను. పొదుపు రాసే పుస్తకంలోనే ఆ జవాబు కూడా రాసుకుందాం.